మందలింపునకు వేళ

మహాభారత కథారంభముననే ఒక కుక్కపిల్ల యేడుపు వినవచ్చును. జనమేజయుని యాగశాలకు పోయిన సారమేయుని రాజు తమ్ములు మువ్వురు కొట్టి తరుమగా, అది తల్లియగు సరమతో మొఱపెట్టుకొన్నది. వ్యాసుని మూలములో తల్లి వెంటనే బిడ్డ పక్షము వహింపలేదు. నీవేదో తప్పు చేసియుందువు, కావుననే కొట్టినారు అన్నది. హవిస్సును నాకలేదనియు, దానివంక చూడనైనలేదనియు పిల్ల చెప్పిన పిమ్మటనే ఆమె యాగశాలకు పోయి నిలదీసినది. నిరపరాధిని కొట్టినందుకు కానరాని భయము కలుగునని శపించినది. నన్నయ తెనిగించిన ఈ ఘట్టము మన విద్యార్థులకు సుపరిచితమే.

తప్పు చేసెనా, లేదా అని సరమ అడిగినది. కుక్కలకు పనులు నేర్పువారు అంతకు ముందుమెట్టున నిలిచి, అది తప్పని కుక్క యెఱుగునా అని అడుగుదురు. కుక్కపిల్లను ఏ వయస్సున, ఏ క్షణమున, ఎంత నేర్పిన పిమ్మట మందలింపవలెనని వారు నూరేండ్లకు పైగా తర్కించుకొనుచున్నారు. మందలింపు అనగా కఱ్ఱతో బాదుట కాదు. గద్దించి 'వద్దు' అనుట, గొలుసును ఒక్కమారు చుఱుకుగా గుంజుట మొదలైనవి. ఇంతమాత్రమునకు ఇంత తర్కమేల యని తోచవచ్చును. కాని వేళతప్పిన మందలింపు కుక్కను పిఱికిదానిని చేయును. పిఱికియైన జాగిలము పోలీసులకు గాని, సైనికులకు గాని, గొఱ్ఱెల కాపరికి గాని పనికిరాదు.

'మొక్కై వంగనిది మానై వంగునా' అని సామెత. దీనిని పట్టుకొని, పసితనముననే భయము చెప్పవలెనని వాదించువారు కలరు. కాని మొక్కను వంచు తోటమాలి దానిని కొట్టడు. ప్రక్కన కఱ్ఱ నాటి, మెత్తని నారతో కట్టును. అమెరికాలో మేయిన్ రాష్ట్రమందలి బార్ హార్బరులో స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు ఏండ్లతరబడి కుక్కపిల్లల పెంపకమును పరిశీలించి 1965లో ఒక గ్రంథము వెలువరించినారు. పుట్టిన మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వఱకు కుక్కపిల్ల తనవారెవరో, దేనికి వెఱవవలెనో, దేనికి వెఱవనక్కరలేదో తెలిసికొనునని వారు గ్రహించిరి. అక్కడనే జరిగి 1961లో ప్రకటితమైన మఱియొక పరిశోధనలో, పదునాలుగు వారములు మనుష్యుల పొత్తు లేక పెరిగిన పిల్లలు పిమ్మట మనుష్యుని చూచి బెదరుట మానలేదు.

కావున ఆ వారములు మందలింపునకు తగినవి కావు. పిల్ల చెప్పు కొఱికినచో చెప్పు దాచి, కొఱుకుటకు మఱియొక వస్తువు ఈయవలెను. ఇల్లు పాడుచేయుచున్నచో, నిద్రలేచిన వెంటనే, తినిన వెంటనే బయటికి తీసికొనిపోవలెను. తప్పునకు చోటు లేకుండ చేయుటయే ఆ వయస్సునకు తగిన శిక్షణము. పిలిచినప్పుడు వచ్చుట అప్పుడే నేర్పవచ్చును. వచ్చిన ప్రతిమారు ఇంత తిండి పెట్టి మెచ్చుకొనవలెను. పిలిచి తిట్టినచో, పిలుపే దండనకు గుర్తగును.

వయస్సు వచ్చిన పిమ్మట క్షణము ముఖ్యము. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాచార్యుడు రిచర్డ్ సాలొమన్, అతని సహచరులు 1968లో ప్రకటించిన ప్రయోగము దీనికి నిదర్శనము. కుక్కపిల్లల యెదుట రుచిగల మాంసము ఒకవైపు, చప్పని తిండి ఒకవైపు ఉంచిరి. మాంసము ముట్టిన పిల్లను చుట్టిన వార్తాపత్రికతో కొట్టిరి. కొన్నిటిని ముట్టబోయిన క్షణముననే, కొన్నిటిని తినుచుండగా అయిదు సెకండ్లకు, కొన్నిటిని పదునైదు సెకండ్లకు. తరువాత మనుష్యుడు లేనప్పుడు, వెంటనే దెబ్బతిన్నవి సుమారు రెండు వారములు మాంసము జోలికి పోలేదు. అయిదు సెకండ్లకు తిన్నవి అందులో సగము కాలము ఓర్చుకొన్నవి. పదునైదు సెకండ్లకు తిన్నవి కొద్ది నిమిషములు మాత్రమే తాళినవి. ఈ కడపటివి మాంసము తినుచునే భయముతో నేలకు కరచుకొని పాకినవి. దెబ్బ మిగిల్చినది భయమే గాని బుద్ధి కాదు.

1910లో జాగిలశిక్షణమును గూర్చి ప్రసిద్ధగ్రంథము వ్రాసిన జర్మను దేశీయుడు కన్రాడ్ మోస్ట్ బలప్రయోగమునకు వెనుదీయనివాడు. అట్టివాడు సైతము, కుక్కకు మనుష్యుల పాపపుణ్య విచారము లేదనియు, గడచిన తప్పునకు దండించుట వ్యర్థమనియు బోధించెను. సాయంకాలము ఇల్లు చేరిన యజమాని చిరిగిన పరుపును చూచి కేకలు వేయగా కుక్క తోక ముడిచి తలవంచును. తప్పు తెలిసినదని ఆయన తలచును. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్స్ అను అమెరికా పండితురాలు దీనిని పరీక్షించినది. తప్పుచేసిన కుక్కయు, చేయని కుక్కయు తిట్టినప్పుడు ఒకేరీతి ముఖము పెట్టినవి. ఆ తలవంపు యజమాని కోపమునకు జవాబు మాత్రమే.

అన్నిటికంటె కష్టమైనది మూడవ ప్రశ్న: ఆ పని దానికి నిజముగా వచ్చునా? ఇంటిలో 'కూర్చో' అనగా కూర్చున్న కుక్కకు బజారులో, ఇతర కుక్కల నడుమ, ఆ మాట కొత్తమాటతో సమానము. కావున మొదట పని నేర్పవలెను. పిదప తావులు మార్చి, సందడి పెంచి అభ్యాసము చేయింపవలెను. అన్నిచోట్ల తెలిసియు పెడచెవిని పెట్టినప్పుడే మందలింపు మాట తలపెట్టవలెను. పావ్లోవ్ ప్రయోగశాలలో 1914 ప్రాంతమున ఒక కుక్కకు వలయము చూపి తిండి పెట్టిరి, కోడిగ్రుడ్డు ఆకారము చూపి మానిరి. అది రెంటికిని భేదము నేర్చినది. క్రమముగా గ్రుడ్డును వలయమునకు దగ్గరగా తెచ్చిరి. దాని పొడవు వెడల్పులు తొమ్మిదికి ఎనిమిదిగా వచ్చునప్పటికి, అంతవఱకు నెమ్మదిగా నిలిచిన కుక్క అఱచినది, పరికరములను కొఱికినది, ముందు వచ్చిన పాఠము కూడ మఱచినది. ఎవ్వరును దానిని కొట్టలేదు. తెలియనిదానిని తేల్చుమని నిర్బంధించుటయే చాలినది.

మొదటి ప్రపంచయుద్ధమున, 1917లో, ఇంగ్లండులోని షూబరీనెస్‌లో రిచర్డ్‌సన్ అను సేనాధికారి వార్తావహ జాగిలములకు పాఠశాల నడపెను. దారితప్పిన కుక్కను అక్కడ కొట్టెడివారు కారు. బయలుదేరిన చోటికి మెల్లగా నడిపించి మరల విడిచెడివారు. గుండ్లవానలో ఒంటరిగా పరుగెత్తి రావలసిన ప్రాణికి, రాక యెన్నడును చేదు కారాదని ఆయన నమ్మకము.

ఈ విషయము మనుష్యప్రాణమునకే ముడివడిన చోటు అంధులకు దారిచూపు జాగిలముల శిక్షణము. 1928లో మారిస్ ఫ్రాంక్ అను అంధయువకుడు స్విట్జర్లాండులో డొరతీ యూస్టిస్ అను ఆమె నడపు శిక్షణశాలకు పోయి బడ్డీ యను ఆడుజాగిలముతో అమెరికాకు మరలెను. మరుసటి యేడు 'సీయింగ్ ఐ' సంస్థ వెలసినది. అట్టి సంస్థలలో పిల్లలు రెండు నెలల ప్రాయమున గృహస్థుల యిండ్లకు చేరి, ఏడాదికి పైగా బస్సులు, మెట్లు, జనసమ్మర్దము చూచుచు పెరుగును. తరువాతనే కొన్ని నెలల కఠినశిక్షణము. వీధి అంచున ఆగుట మఱచినచో వెనుకకు మరలించి అదే అంచునకు మరల నడిపింతురు, ఆగినప్పుడు మెచ్చుకొందురు.

ఆ జాగిలము నేర్వవలసిన కడపటి విద్య ఆజ్ఞను ధిక్కరించుట. అంధుడు 'ముందుకు' అనును. చప్పుడు లేక కారు వచ్చుచుండును. అప్పుడు కదలకుండుటయే దాని ధర్మము. ఆజ్ఞ తప్పిన దెబ్బ పడునని మాత్రమే నేర్చిన కుక్క ఆ క్షణమున ఆజ్ఞను పాటించును. యజమాని ప్రాణమునకు ముప్పు తెచ్చును.

నేడు అనేక శిక్షకులు తిండితో, మెప్పుతోనే పని నేర్పుచు మందలింపును చాలవఱకు విడనాడినారు. 2020లో పోర్చుగల్లు పరిశోధకులు 92 పెంపుడుకుక్కలను పరిశీలింపగా, గద్దింపుతో నేర్చినవానిలో, మెప్పుతో నేర్చినవానికంటె కలత హెచ్చుగా కనబడినది.

బిడ్డ కుక్కపిల్ల కాడు. ఏల కొట్టితివని సారమేయునివలె నోరు తెరచి అడుగగలడు. బడిలో దేహదండనమును 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగమున నిషేధించినది. అయినను దిద్దుట ఉపాధ్యాయునికి తప్పదు. నెలనాడు వ్రాసిన జవాబుపై నేడు పడిన ఎఱ్ఱసిరా గీత, పదునైదు సెకండ్ల దెబ్బవంటిదే. విద్యార్థికి మార్కులు తగ్గిన సంగతి మిగులును, తప్పు జ్ఞాపకముండదు. ఆ గీత గీయుటకు ముందు, ఇది వీనికి నేర్పితినా, నేర్చినాడని చూచుకొంటినా అని అడుగుకొను ఉపాధ్యాయుని యెదుట, తెలియలేదని చెప్పుటకు విద్యార్థి వెఱవడు.