లేడివేటలో మాటు

బాణము నాటి నేలబడిన వాలి రాముని ధర్మమును ప్రశ్నించెను. దానికి రాముడిచ్చిన సమాధానములలో నొకటి వేటకు సంబంధించినది. జనులు వలలు పన్నియు, ఉరులొడ్డియు, కపటయంత్రము లమర్చియు, మఱుగున నుండియు, ఎదుట కానవచ్చుచునే యుండియు మృగములను పట్టుచుందురని కిష్కింధాకాండమున నతడు చెప్పును. తరగతిలో నీ ఘట్టమును బోధించునపుడు మన దృష్టి సహజముగ ధర్మవిచారముపైననే నిలుచును. ఆ సమాధానము వేట నెఱిగిన సమాజమున పుట్టినదనియు, అందలి ప్రతి పదమును ఒక పనిముట్టునో, ఒక పద్ధతినో సూచించుచున్నదనియు మనము మఱచుచుందుము.

నేలమీద నిలిచి చేయు లేడివేట యంతయు నందు చెప్పబడిన రెండు రీతులలో నిముడును. ఒకటి ప్రచ్ఛన్నము, రెండవది దృశ్యము. మొదటిదానిలో వేటకాడు పొదలోనో, కొమ్మలు కట్టిన దడి వెనుకనో, నీటియొడ్డున త్రవ్వుకొన్న గుంటలోనో కదలక కూర్చుండి లేడి రాకకు కాచుకొనియుండును. దీనినే తెలుగున మాటువేయుట యందుము. రెండవదానిలో మఱుగు లేదు. వేటకాడు జాడపట్టి తానే లేడిని సమీపించును. ఈ రెండు రీతులును లేడి స్వభావముతో నెట్లు ముడిపడి యున్నవో, ఆ యెఱుక మన యితిహాస కావ్యములలోని కొన్ని ఘట్టములను చదువుటకెట్లు తోడ్పడునో చూపుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

ముందుగా వేటాడబడు జంతువును గూర్చి కొంత చెప్పవలెను. మృగశబ్దము సంస్కృతమున జంతుసామాన్యమునకును, లేడికిని గూడ చెల్లును. దాని తద్భవమైన మెకము తెలుగున జంతుసామాన్యమునకే వాడుక. లేడి, ఇఱ్ఱి, జింక, దుప్పి, కణితి అను పేళ్లను కావ్యములలో నొకదాని కొకటి పర్యాయముగ వాడుట కద్దు. ప్రకృతిశాస్త్రజ్ఞు లట్లు వాడరు. దుప్పికిని, కణితికిని కొమ్ములు శాఖలుగా చీలియుండును; అవి ఎముకతో నేర్పడి, యథాకాలమున రాలిపోయి మరల మొలచును. కృష్ణజింక కొమ్ములు శాఖలు లేనివి, మెలితిరిగినవి, జీవితాంతము నిలుచునవి. నివాసములును వేఱు. కృష్ణజింక బయలు మైదానములలో తిరుగును. దుప్పి యడవియంచులను, పచ్చికపట్లను కోరును. కణితి దట్టమైన కొండయడవిలో నుండును.

ఈ భేదమే వేట రీతిని నిర్ణయించును. బయలున మాటు దొరకదు. అడవిలో దూరపు చూపు దొరకదు. శాకుంతల ప్రథమాంకమున దుష్యంతుడు తరిమినది కృష్ణసారమును. అడవిలేడియైనచో రథము వెంబడింపజాలదు. మిట్టపల్లముల నేలపై రథవేగము తగ్గినదనియు, సమతలమునకు వచ్చినంతనే గుఱ్ఱములు విజృంభించినవనియు సూతుడు చెప్పుట కేవలము వర్ణన గాదు, భూస్వరూప పరిజ్ఞానము. పరుగెత్తుచునే మెడత్రిప్పి వెనుకకు చూచు లేడి చిత్రమును అట్టిదే. తరుముచున్నదానికిని తనకును గల దూరమును కొలుచుకొనుచు పాఱుట దాని సహజలక్షణము.

లేడి తనను తాను మూడింద్రియములతో కాపాడుకొనును. దాని కన్నులు తలకిరుప్రక్కల నుండుటచే నది మేయుచునే తన చుట్టును చాల భాగము చూడగలదు. కదలిన వస్తువును వెంటనే పసిగట్టును. కదలనిదానిని పోల్చుకొనుటలో నంత నేర్పరి కాదు. ఎఱుపును మనవలె స్పష్టముగ గుర్తింపదు. చెవుల రెంటిని వేర్వేఱు దిక్కులకు త్రిప్పి చప్పుడు వచ్చు చోటును తెలిసికొనును. ఈ రెంటిని మించినది ఘ్రాణము. మనుష్యుని వాసన గాలిలో సోకినచో నతడు కంటికి కనబడకున్నను లేడి నిలువదు. శంక కలిగిన దుప్పి ముంగాలితో నేలను తట్టును, కూత పెట్టును. పైన కొమ్మలమీది కొండముచ్చు తొలుత చూచి యఱచినచో, క్రింది దుప్పులు దాని మాటను నమ్మును.

కనుక పొదయు, దడియు నొక్క యింద్రియమును మాత్రమే మోసపుచ్చగలవు. చెవిని మోసపుచ్చునది వేటకాని నిశ్చలత. ముక్కును మోసపుచ్చునది గాలివాటొక్కటే. లేడి వచ్చు దిక్కునుండి తనవైపునకు గాలి వీచునట్లు కూర్చుండుట మాటులోని ప్రథమ సూత్రము. కొండప్రక్కలలో నిది మఱింత సూక్ష్మము. ఎండ కాసి నేల వేడెక్కినపుడు గాలి లోయనుండి మీదికెక్కును. అపుడు వేటకాడు లేడి దారికి పైన నుండవలెను. ప్రొద్దు గ్రుంకి నేల చల్లబడగా గాలి క్రిందికి దిగును. అపుడతడు దిగువ నుండవలెను. ఉదయమున మంచిదైన మాటు సాయంకాలమునకు పనికిరాకపోవుట కిదియే కారణము.

మంచెపై కూర్చుండు వేట దీనికి భిన్నము. వాసన పైనుండిపోవును, చూపు దూరము సాగును. అయినను అదియు నిరపాయము కాదని కురుంగమిగ జాతకకథ చెప్పుచున్నది. చెట్టుమీది మంచెనుండి వేటకాడు పండ్లను లేడివైపు విసరగా, పండ్లు నిట్టనిలువుగ రాలుటకు బదులు దూరముగ వచ్చి పడుటను గమనించి లేడి యతని యునికిని కనిపెట్టినది. లేడి చూచినది మనుష్యుని గాదు. ప్రకృతిలో నొక క్రమభంగమును. మాటువేయు వానికి నేలమీదను ఇదే పాఠము. క్రొత్తగా విఱిచిన కొమ్మ, వాడిన యాకు, నిన్న లేని గుంట - ఇవి యన్నియు లేడికి వార్తలే.

మాటులేని వేటకు మూలము జాడ. చీలినగిట్ట గుర్తు అంచు విఱుగక పదునుగ నున్నచో క్రొత్తది. దానిపై మంచు పడియున్నచో రాత్రి గడిచినది. కూర్మాచల ప్రభువగు రుద్రదేవుడు శ్యైనికశాస్త్రమున వేటను ఎనిమిది విధములుగ విభజించి, అడుగులను చూచుచు పోవు వేటకు పదప్రేక్ష యని పేరిడెను. జాడ కొసను లేడి కనబడిన తరువాత నంతయు నోరిమి. అది తల వంచి మేయునపుడు ముందునకు సాగవలెను. తల యెత్తినంతనే శిలవలె నిలువవలెను. ఒక్కమాఱు తొందరపడినచో నది లేచి పోవును. లేడికి లేచినదే ప్రయాణమను సామెత యీ యనుభవమునుండి పుట్టినదే. శాకుంతల ద్వితీయాంకమున సేనాపతి వేటను పొగడుచు, భయక్రోధములలో మృగముల చిత్తవికారము తెలియుట దాని ఫలములలో నొకటిగ చెప్పును. అది యీ రెండవ రీతికే ముఖ్యముగ నన్వయించును.

రెండు రీతులకు నడుమ మఱియొకటి కలదు. ఎద్దు చాటున నడచుచు బయలులోని జింకను సమీపించుట నడచు మాటు. పెంచిన లేడిని చూపి యడవిలేడిని రప్పించుట మఱియొక పన్నుగడ. అట్టి పెంపుడు మృగమునకు తెలుగున దీమమని పేరు. ఈ పదము నెఱుగనిచో వేట వర్ణనలలో కొన్నింటికి అర్థమే కుదురదు.

ఇక నితిహాసములకు వత్తము. దశరథుడు యౌవనమున, వానకాలపు రాత్రి, సరయూతీరమున నేనుగో, దున్నయో, మఱి యే మృగమో నీటికి వచ్చునని విల్లు పట్టి కాచియుండెను. కుండ మునుగు చప్పుడు ఏనుగు ధ్వనిగా తోచి బాణము విడిచెను, మునికుమారుడు కూలెను. ఇది శుద్ధమైన నీటిమాటు. అచట చీకటియే దడి. మాటున నున్నవానికి స్థలము తెలియును, వేళ తెలియును. వచ్చునది యెవరో మాత్రము తెలియదు. దానిని తెలిసికొనుటకు కన్నొక్కటే సాధనము. శబ్దవేధి యగుటచే దశరథుడా సాధనమును అనవసర మనుకొనెను. అతనికి చేటు కలిగినది నేర్పు లేమివలన గాదు, నేర్పు మీది నమ్మకమువలన.

పాండురాజు కథ దీనికి ప్రతిగా నున్నది. నన్నయ భారతమునను గల యీ కథలో వేటకాడు మృగమును కన్నులార చూచియే కొట్టెను. సంగమసమయమున లేడికి సహజమైన జాగరూకత సడలును. వేటకానికది సులభమగు గుఱి. మృగరూపమున నున్న కిందముడు నిందించినది వేటను గాదు, రాజు నిరీక్షింపని సమయమును. అనగా, చూపు కలిగిన మాత్రమున తెలివి కలుగదు. ఏది కొట్టబడుచున్నదో యనుటతో పాటు, ఎపుడు కొట్టబడుచున్నదో కూడ వేటకాడెఱుగవలెను.

మూడవది మారీచుని కథ. బంగారులేడి దగ్గఱగ కానవచ్చుచు, మాయమగుచు, దూరమున మరల పొడసూపుచు రాముని ఆశ్రమమునుండి వెడలగొట్టును. రాముడు తాను వేటకాడ ననుకొనెను. కాని పై పరిభాషలో చూచినచో మారీచుడు దీమము. మాటున నున్న వేటకాడు రావణుడు. అరణ్యకాండమున దీమము వెంట పోయి భార్యను గోల్పోయిన రాముడే కిష్కింధాకాండమున చెట్ల మఱుగున నిలిచి వాలిని కొట్టెను. మఱుగున నుండియు, ఎదుట నుండియు జనులు వేటాడుదురని చెప్పినవాడు ఆ వేటను రెండు వైపులనుండియు ననుభవించినవాడు. ఈ యన్వయము రాముని వాదమును సమర్థింపదు, ఖండింపదు. ఆ వాక్యమునకు గల బరువును మాత్రము చూపును.

ఈ మూడు కథలును ఒక్క విషయమును బోధించుచున్నవి. మాటు ఒకవైపు తెర గాదు. లేడికి వేటకానిని కప్పునదే వేటకానికి గూడ ఎదుటి సత్యమును కప్పును. అందువలననే మన ప్రాచీనులు వేటను వర్ణించునపుడు బలముకంటె నెఱుకకు నెక్కువ స్థానమిచ్చిరి. వ్యాకరణమును సహిత మీ వృత్తిని గమనింపక పోలేదు. వ్యాధునిచే కుడిప్రక్క గాయపడిన లేడికి దక్షిణేర్మ యను రూపమును పాణిని ప్రత్యేక సూత్రమున సాధించెను. అమరసింహుడు దానిని కోశమున కెక్కించెను. ఒక్క గాయపు ప్రక్కకు సూత్రమొకటి యవసరమైన సమాజమున వేటమాటలు వట్టి యలంకారములు కావు.

నేడు మన దేశమున లేడివేట నిషిద్ధము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, 1991లో దానికి జరిగిన సవరణయు వినోదపు వేటకు ద్వారములు మూసినవి. ఇది యుక్తమే, మైదానములు సేద్యమునకు మారి కృష్ణజింక యునికియే కొలదిపాటి ప్రదేశములకు కుదించుకొనిపోయినది. కాని వేటతోపాటు వేటమాటలును పోవుచున్నవి. నల్లమల చెంచులను గూర్చి హైమెండార్ఫ్ 1943లో ప్రకటించిన గ్రంథమువలన వారి విల్లమ్ముల జీవితము కొంత తెలియుచున్నది. తెలుగు పదముల దృష్టితో చేయవలసిన పని మాత్రము తెలుగు శాఖలదే. గాలివాటునకు, జాడ తాజాతనమునకు, మాటులోని రకములకు వృద్ధుల నోట నింకను నిలిచియున్న పేళ్లను పరిశోధక విద్యార్థులు వ్రాసికొనవలెను. వానిని ధూర్జటి తిన్నని వేటతోను, పెద్దన స్వరోచి వేటతోను సరిపోల్చవలెను. అపుడు ప్రబంధములలో వేటపట్టులను వర్ణనలని దాటిపోవు నధ్యాపకునకు, వానిలో నేది కవిసమయమో, ఏది కన్నదియో విడదీసి చెప్పుటకు వీలగును. వేట పోయినందుకు విచారింప బనిలేదు. దాని మాట పోయినచో, మన పుస్తకములలో నర్థము గాని పుటలు పెరుగును.