బుడ్డ వ్యాధి - భయము వలదు

అడవులదీవి వంటి తీరగ్రామములలో బుడ్డ వ్యాధిని పంచెచాటున దాచుకొని ఏండ్లు గడుపువారు కలరు. ఆపరేషనైనచో మగతనము పోవునని వారి భయము. అది నిరాధారము, వృషణమును తీయరు, దానిచుట్టు నీరు చేరిన పొరను మాత్రమే సరిచేయుదురు.

దోమకాటు వలన సోకు ఫైలేరియా ఈ వ్యాధికొక ముఖ్యకారణము. సూదితో నీరు తీయించుట తాత్కాలికమే. నీరు మరల ఊరును, అపరిశుభ్రమైన సూది చీము పట్టించును. నీరు తీసి, మందెక్కించి పొరలను అతికించు పద్ధతియు కలదు. అయినను ఫైలేరియా బుడ్డకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించునది శస్త్రచికిత్సయే. తరచుగా ఆ భాగమునకే మత్తిచ్చి చేయుదురు. రోగి మెలకువతోనే యుండును. పిదప కొన్ని వారములు బరువు లెత్తరాదు.

పంచాయతీ సభ్యులు ఇట్టివారిని సభలో పేరెత్తక, ఒంటరిగా కలిసి ప్రభుత్వ వైద్యునికడకు తోడ్కొనిపోవలెను.