కేబుల్ రాని గదికీ టీవీ

కర్నూలు: ఊరికి దూరంగా చేలో కట్టుకున్న గదికి కేబుల్ తీగ రాదు. ఒక్క గది కోసం అరమైలు తీగ లాగితే గిట్టుబాటు కాదని కేబుల్ వారంటారు. ఆ మాటా నిజమే. అంతమాత్రాన కాపలా వుండే రైతు వార్తలకు, వాన కబురుకు నోచుకోకూడదా?

దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ ప్రసారాలు 2004 డిసెంబరు నుంచి వున్నాయి. నెలనెలా చందా లేదు. యాదగిరి, సప్తగిరి రెండూ వస్తాయి. రెండడుగుల గొడుగు, దాని ముందు బిగించే ఎల్.ఎన్.బి., తీగ, సెట్‌టాప్ బాక్సు ఒకసారి కొంటే చాలు. ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద వున్నందున మన వైపు గొడుగు ఆగ్నేయ మూలకు చూడాలి. ఆ మూలన వేపచెట్టు అడ్డుంటే బొమ్మ రాదు.

తీగకోసం గోడ పొడవనక్కరలేదు, కిటికీ సందు చాలు. లోపలికి వచ్చేముందు కిందికి ఒక వంపు వదిలితే వాననీరు తీగవెంట గదిలోకి పాకదు. జోరువానలో బొమ్మ ఆగితే కంగారుపడవద్దు. ఉరుముల సూచన కనబడగానే మాత్రం ప్లగ్గుతోపాటు గొడుగు తీగ కూడా ఊడదీయాలి.

అటకమీది పాత చేపముల్లు యాంటెన్నా దించి బాగు చేయించేవారున్నారు. నేలమీది ప్రసార కేంద్రాలు చాలావరకు 2022 నాటికే మూతపడ్డాయి. దానిపై పెట్టే ప్రతి రూపాయీ దండగే.

గొడుగు మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన 'సైట్' ప్రయోగంలో కర్నూలు జిల్లా పల్లెలతో సహా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు ఉపగ్రహం నుంచే టీవీ అందింది. అప్పటి గొడుగు పదడుగుల వెడల్పు, కోళ్ళ దొడ్లకు కట్టే ఇనుప వలతో చేసింది. ఊరంతటికీ ఒకటే టీవీ.