అమెరికా టీవీ ఇండియాలో పనిచేస్తుందా?

అమెరికా నుంచి తిరిగి వచ్చేసేవారు సామానుతోపాటు టీవీ కూడా తెచ్చుకోవచ్చా? ముందు టీవీ వెనకున్న లేబుల్ చూడండి.

అక్కడి ఇళ్లలో కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. లేబుల్‌పై ‘100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్’ అని ఉంటే దిగులు లేదు. లోపలి పవర్ సప్లై ఏసీని డీసీగా మార్చి, టీవీకి కావలసిన వోల్టేజీని అందిస్తుంది. ప్లగ్ అడాప్టర్ సరిపోతుంది. ‘120 వోల్టులు’ అని మాత్రమే ఉంటే అడాప్టర్‌తో పెట్టకండి, టీవీ కాలిపోవచ్చు. అడాప్టర్ పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని తగ్గించదు. అందుకు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

రెండోది సిగ్నల్. అమెరికా టీవీ ట్యూనర్ ఏటీఎస్‌సీ పద్ధతిలో పనిచేస్తుంది. దూరదర్శన్ డిజిటల్ ప్రసారాలు డీవీబీ-టీ2 పద్ధతివి. అందుకే యాంటెన్నా పెట్టినా ఛానళ్లు రావు. సెట్‌టాప్ బాక్స్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపితే ట్యూనర్‌తో పనే లేదు. అయితే బాక్స్ పంపే 50 హెర్ట్జ్ వీడియోను కొన్ని అమెరికా మోడళ్లు తీసుకోవు, తెర ఖాళీగా ఉంటుంది. మీ టీవీ 50 హెర్ట్జ్ తీసుకుంటుందో లేదో మాన్యువల్‌లో ఉంటుంది.

వారంటీ సాధారణంగా కొన్న దేశానికే పరిమితం. కాబట్టి లేబుల్, మాన్యువల్ రెండూ చూశాకే ప్యాకింగ్ మొదలుపెట్టండి.