నేలలోని లోహమును గుర్తించు విధము



1931లో నిజాంసాగరు పూర్తియైన పిదప మా ఎడపల్లి ప్రాంతమునకు కాలువనీరు, నీటివెంట చెరకు వచ్చినవి. 1937లో బోధనులో స్థాపితమైన చక్కెర కర్మాగారము 2015లో మూతపడువరకు ఈ దారులు చెరకుబండ్లతో నిండియుండెడివి. ఆ బండ్ల పట్టాలు, నాగళ్ల కఱ్ఱులు, ఎద్దుల నాడాలు, మేకులు మన నేలలో ఎంత కలిసిపోయినవో లెక్కలేదు. మెటల్ డిటెక్టరని వాడుకలోనున్న లోహశోధక యంత్రమును మన పొలములపై త్రిప్పినచో అది అడుగడుగునకు మ్రోగును. మ్రోగినచోటనెల్ల త్రవ్వువానికి గునపమరుగుట తప్ప లాభము లేదు. మ్రోగినది యేదియో త్రవ్వకమునుపే కొంతవరకు తెలియు విధమును నేడు మనవి చేసెదను.

యంత్రపు కొనయందు పళ్లెమువంటి చక్రము గలదు. అందలి తీగచుట్టలో దిశ మారుచు ప్రవహించు విద్యుత్తువలన చుట్టును అయస్కాంత క్షేత్రమేర్పడును. అది భూమిలోని లోహమును తాకగా అందు సుడులు తిరుగు చిన్న ప్రవాహములు పుట్టి, మారుపలుకు వచ్చును. పంపిన అలకును వచ్చిన అలకును గల తేడాను కొలిచి యంత్రము తెరపై అంకెగా చూపును. పలు యంత్రములందు ఈ అంకెలు 0 మొదలు 99 వరకు నుండును. ఇనుము అడుగున, పలుచని రేకులు దానికి కొంచెము పైన, దళసరి రాగి, వెండి మీదికొసను పలుకును. ఈ కొలత యంత్రమునకొక తీరు.

బంగారమెచ్చటనని మీరడుగుదురు. దానికి ప్రత్యేకమైన అంకె లేదు. వస్తువుయొక్క పరిమాణము, మందము, ఆకారము అన్నియు కలిసి ఆ అంకెను నిర్ణయించును. సన్నని పుస్తె సిగరెట్టుపెట్టెలోని రేకువలె పలుకును. పెద్ద బంగారు కడ్డీ రాగిపాత్రవలె పలుకును. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు తుపాకిగుండు తగిలి పడియుండగా, టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్లు ఇట్టి పరికరముతోనే గుండును వెదకెను. పరుపు క్రిందనున్న లోహపు స్ప్రింగులు కూడ బదులు పలికినవి. గుండు చిక్కలేదు, అధ్యక్షుడు దక్కలేదు.

యంత్రమును నడుపుటకు ముఖ్యముగా మూడు పద్ధతులు గలవు. సర్వలోహ పద్ధతియందు ఏ లోహమునకైనను మ్రోగును. వడపోత పద్ధతియందు మనము వలదనిన అంకెలకు మూగయగును. ఇందు చక్రమును కదలించుచుండినగాని పలుకదు. స్థాననిర్ణయ పద్ధతియందు చక్రమును నిలిపియుంచినను మ్రోగుచు, వస్తువు సరిగా ఎచ్చటనున్నదో చూపును, అదేమిటో చెప్పదు. మొదట సర్వలోహ పద్ధతితో నడచి, మ్రోగినచోట అంకెను చూచి, పిమ్మట స్థానమును నిర్ణయించుకొనుట నా అలవాటు. వడపోతను నమ్ముకొనుట నాకిష్టము లేదు. కారణము ముందు చెప్పెదను.

అంకె కనబడగానే నిలువక, ఆ చోటికి అడ్డముగా తిరిగి మరల చక్రమును ఊపవలెను. గుండ్రని నాణెము ఎటునుండి చూచినను ఇంచుమించు ఒకే అంకె పలుకును. మేకు ఒకవైపు ఒకటి, మరియొకవైపు మరియొకటి పలుకుచు గంతులు వేయును. అయితే ఇనుప వలయము కపటి. బండిచక్రపు పట్టాయో, గుండ్రని బిళ్లయో పడియుండినచో వెండివలె మీదికొస అంకె చూపి ఆశపెట్టును. అప్పుడు చక్రమును మూరెడెత్తు లేపి చూడవలెను; మ్రోత తగ్గనిచో క్రిందనున్నది పెద్ద వస్తువు. లోతు చూపు గీతలుకూడ నాణెమంత వస్తువునకు సరిపడునట్లు ఏర్పరచినవే కావున పెద్ద వస్తువునకు అవి తప్పు చెప్పును.

ఇక వడపోత సంగతి. చెరకుతోటలో కలుపుతీయుచు ఒక ఇల్లాలు పుస్తె జారవిడుచుకొన్నదనుకొనుడు. యంత్రమువాడు రేకుల గోల పడలేక రేకుల అంకెలను మూయించినయెడల, పుస్తెయు వానితోపాటే మూగవోవును. ఆతడు చేనంతయు తిరిగి లేదని చెప్పిపోవును. ఆమె కూలివారిని అనుమానించును. ఇట్టి అనుమానములు ఊళ్లలో ఎంత దూరము పోవునో పెద్దలైన మీకు నేను చెప్పనక్కరలేదు. కావున వెదకుటకు ముందు అట్టిదే మరియొక పుస్తెను దారముతో పుల్లకు కట్టి, అదే చేనిలో నాలుగు వ్రేళ్ల లోతున పాతి, యంత్రమేమి పలుకునో అందరి యెదుట చూడుడు. ఆ అంకెకు ఇటునటు పలుకు ప్రతిచోటును త్రవ్వింపుడు. రేకులు దొరకుచున్నంతకాలము వెదకుట సరిగా సాగుచున్నట్లే.

గుప్తనిధి చూపెదమని యంత్రముతో వచ్చువారు కొందఱు గలరు. తెరపై బంగారమని వ్రాతపడుట వారు చూపినను నమ్మవలదు. 2021 ఏప్రిలులో జనగామ చెంత పెంబర్తిలో భూమి చదును చేయుచుండగా రాగిబిందెలో బంగారు, వెండి నగలు బయల్పడినవి. అట్టి బిందెపై ఏ యంత్రము త్రిప్పినను రాగినే చెప్పును. లోపలి నగలను రాగి కప్పివేయును. ప్రాచీన కట్టడముల చెంత త్రవ్వుట నేరమనియు తెలిసికొనుడు.

మీ నేలలో నిజముగా నిధి బయల్పడినచో 1878 నాటి నిధుల చట్టము గలదు. పది రూపాయల వెలకు మించిన దానిని దొరకిన చోటు, తేదీ, వివరములతో కలెక్టరుకు వ్రాసి తెలుపవలెను. దాచినవాడెవ్వడును తేలక, నిధికి స్వామి లేడని నిర్ణయమైనపుడు, వేఱు ఒడంబడిక లేనిచో కనుగొన్నవానికి నాలుగింట మూడుపాళ్లు, నేలగలవానికి ఒక పాలు చెందును. ప్రభుత్వము తానే తీసికొనదలచినచో వెలకట్టి, ఆ వెలలో అయిదవవంతు అదనముగా చెల్లించును. దాచినవానికి ఆ పాలు పోవుటయేగాక ఏడాదివరకు చెఱయు కలుగవచ్చును.