ఇ.పి. రికార్డు

ఎక్స్‌టెండెడ్ ప్లే, సంక్షిప్తంగా ఇ.పి. అనగా సింగిల్ కంటే పెద్దదిగా, పూర్తి ఆల్బమ్ కంటే చిన్నదిగా వెలువడే సంగీత విడుదల. సాధారణంగా ఇందులో 4 నుండి 6 పాటలు ఉంటాయి. మొత్తం నిడివి 30 నిమిషాలకు మించదు. మొదట ఇది ఒక రకమైన గ్రామఫోను రికార్డుకు పేరు. ఆ రికార్డుల వాడుక తగ్గిపోయినా పేరు మాత్రం నిలిచి ఉన్నది. రాక్ సంగీత బృందాలు తమ కొత్త పాటలను తక్కువ ఖర్చుతో శ్రోతలకు అందించడానికి ఈ రూపాన్ని విరివిగా ఉపయోగించుకున్నాయి. తెలుగువారికి ఇది ప్రధానంగా సినిమా పాటల రికార్డుగా పరిచయం.

పుట్టుక

20వ శతాబ్దపు తొలి సగంలో నిమిషానికి 78 సార్లు తిరిగే రికార్డులు వాడుకలో ఉండేవి. 10 అంగుళాల రికార్డులో ఒక్కొక్క వైపు సుమారు మూడున్నర నిమిషాల సంగీతం మాత్రమే పట్టేది. 1948లో అమెరికాకు చెందిన కొలంబియా సంస్థ ఒక్కొక్క వైపు 20 నిమిషాలకు పైగా మ్రోగే లాంగ్ ప్లే (ఎల్.పి.) రికార్డును ప్రవేశపెట్టింది. దీనికి పోటీగా ఆర్.సి.ఎ. విక్టర్ సంస్థ 1949లో 7 అంగుళాల వ్యాసం కలిగి, నిమిషానికి 45 సార్లు తిరిగే చిన్న రికార్డును విడుదల చేసింది. అయితే ఇందులో వైపుకు ఒక పాట మాత్రమే పట్టేది. 1952లో అదే పరిమాణంలో వైపుకు రెండు పాటలు పట్టే ఇ.పి. రికార్డు వెలువడింది.

పనిచేసే విధానం

రికార్డుపై ధ్వని ఒక సన్నని గాడి రూపంలో ఉంటుంది. ఈ గాడి అంచు నుండి మధ్యకు చుట్టలు చుట్టుకుంటూ పోతుంది. ఇ.పి.లో ఈ చుట్టలను మరింత దగ్గరగా చెక్కుతారు. దీనివలన ఒక్కొక్క వైపు సుమారు ఏడున్నర నిమిషాల సంగీతం పడుతుంది. కానీ చుట్టల మధ్య ఖాళీ తగ్గినందువలన ధ్వని తీవ్రతను, మంద్ర స్వరాలను కొంత తగ్గించవలసి వస్తుంది.

రాక్ బృందాలు - ఇ.పి.లు

1960లలో బ్రిటనులో ఇ.పి.లకు మంచి ఆదరణ ఉండేది. ఎల్.పి. కొనలేని యువకులు దీనిని కొనుక్కునేవారు. 1963 జులైలో విడుదలైన బీటిల్స్ ఇ.పి. 'ట్విస్ట్ అండ్ షౌట్'లోని 4 పాటలూ అంతకు ముందే ఆల్బమ్‌లో వచ్చినవే. 1967 డిసెంబరులో వచ్చిన 'మేజికల్ మిస్టరీ టూర్' ఇందుకు భిన్నమైనది. ఇందులో 6 కొత్త పాటలను రెండు ఇ.పి.ల జతగా విడుదల చేశారు.

1977 జనవరిలో మాంచెస్టర్ పంక్ రాక్ బృందం బజ్‌కాక్స్ 'స్పైరల్ స్క్రాచ్' అనే 4 పాటల ఇ.పి.ని వెలువరించింది. పెద్ద సంస్థల అండ లేకుండా, సుమారు 500 పౌండ్లు అప్పు తెచ్చుకుని, సొంత లేబుల్‌పై మొదట 1000 ప్రతులు అచ్చువేశారు. అవి త్వరగా అమ్ముడుపోవడంతో మళ్ళీ మళ్ళీ అచ్చువేయవలసి వచ్చింది. సొంతంగా రికార్డు వేసుకోవచ్చునని అనేక కొత్త బృందాలకు ఇది మార్గం చూపింది. 1994లో ఆలిస్ ఇన్ చెయిన్స్ విడుదల చేసిన 'జార్ ఆఫ్ ఫ్లైస్' అమెరికా బిల్‌బోర్డ్ 200 పట్టికలో మొదటి స్థానంలో ప్రవేశించిన తొలి ఇ.పి.గా పేరుపొందింది.

తెలుగు సినిమా పాటలు

భారతదేశంలో రికార్డుల తయారీలో కలకత్తా సమీపాన డమ్‌డమ్‌లో కర్మాగారం గల గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా (2000 నుండి సారెగమ) అగ్రస్థానంలో ఉండేది. హిజ్ మాస్టర్స్ వాయిస్, కొలంబియా, ఓడియన్, ఏంజెల్ లేబుళ్ళపై తెలుగు పాటలు వెలువడ్డాయి. 78 రికార్డుల తయారీ ఆగిపోయాక, 1970లలో సినిమా పాటలకు ఇ.పి. ప్రధాన రూపమైంది. రంగుల అట్టపై సినిమా బొమ్మలతో వచ్చే ఈ రికార్డులను పెళ్ళిళ్ళలో, జాతరలలో మైకుసెట్లపై వేసేవారు.

తెలుగు సినిమాలలో పాటలు, పద్యాలు ఎక్కువ. అన్నీ ఒకే ఇ.పి.లో పట్టేవి కావు. అందువలన ఒక సినిమాకు రెండు, మూడు ఇ.పి.లు వేయడమో, కొన్ని పాటలను వదిలివేయడమో, చరణాలను తగ్గించడమో జరిగేది. ఒక పాట సినిమాలో ఒక నిడివితో, రికార్డులో మరొక నిడివితో వినిపించడానికి ఇది ఒక కారణం. రికార్డుకెక్కని పాటలను వినాలంటే సినిమా ప్రతి మిగిలి ఉండవలసిందే. 1980లలో క్యాసెట్లు రావడంతో ఇ.పి.లు క్రమంగా కనుమరుగైనాయి. ప్రస్తుతం ఇవి సేకర్తల వద్ద మాత్రమే కనిపిస్తాయి.

హైదరాబాదు బృందాలు

పాత అర్థంలో ఇ.పి. సినిమా సంస్థలదైతే, కొత్త అర్థంలో అది సినిమాకు వెలుపల ఉన్న బృందాలది. హైదరాబాదుకు చెందిన డెత్ మెటల్ బృందం గాడ్‌లెస్ మొదట 'సెంచరీస్ ఆఫ్ డెకడెన్స్' (2016), 'స్వార్మ్' (2018) అనే రెండు ఇ.పి.లను విడుదల చేసింది. ఆ తరువాతనే 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అనే పూర్తి ఆల్బమ్‌ను వెలువరించింది. తెలుగులో పాడే చౌరస్తా బృందం జానపద బాణీలకు రెగే లయను జోడించి, పాటలను ఒక్కొక్కటిగా అంతర్జాలంలో విడుదల చేస్తూ పేరు తెచ్చుకున్నది.

నేటి స్థితి

అంతర్జాలంలో గాడి లేదు కనుక నిడివికి భౌతికమైన హద్దు లేదు. అయినా చిన్న విడుదలలు ఆగలేదు. స్టూడియో అద్దె, మిక్సింగ్ ఖర్చులు కొత్త బృందానికి భారమే కాబట్టి నాలుగైదు పాటలు సిద్ధం కాగానే విడుదల చేస్తారు. ఒకప్పుడు రికార్డు చేతికి రావాలంటే పట్టణంలోని దుకాణానికి వెళ్ళవలసి వచ్చేది. ఇప్పుడు ఆదిలాబాదు జిల్లాలోని ఇచ్చోడ వంటి మండల కేంద్రంలో ఉన్న శ్రోత కూడా తన అభిమాన బృందం కొత్త ఇ.పి.ని విడుదలైన రోజే చరవాణిలో వినవచ్చును.

ఇవి కూడా చూడండి

గ్రామఫోను
రాక్ సంగీతం
తెలుగు సినిమా