సుగంధ గోపురం

కాలానికి కంటికి కనిపించే సరిహద్దులు లేవు. పవిత్రమైన దినం ఎక్కడ ముగిసిందో, పనిదినం ఎక్కడ మొదలైందో గుర్తించడానికి ఒక్కొక్క సమాజం ఒక్కొక్క ఆచారాన్ని ఏర్పరచుకొంది. యూదులు వారానికొకసారి జరుపుకొనే ‘హవ్దలా’ అటువంటి ఆచారమే. హీబ్రూ భాషలో ఈ మాటకు ‘వేరు చేయడం’ అని అర్థం.

శుక్రవారం సూర్యాస్తమయం మొదలుకొని శనివారం చీకటిపడే వరకు యూదులకు విశ్రాంతి దినం. దీనినే సబ్బాతు అంటారు. సంప్రదాయాన్ని పాటించేవారు ఆ సమయంలో వృత్తి పనులు చేయరు, నిప్పు వెలిగించరు. శనివారం రాత్రి ఆకాశంలో మూడు నక్షత్రాలు కనిపించిన తరువాత ఇంటిల్లిపాదీ ఒకచోట చేరి హవ్దలా జరుపుతారు. దీనికి కావలసినవి మూడే: ద్రాక్షారసం, సుగంధ ద్రవ్యాలు, దీపం.

రాబోయే వారం సమృద్ధిగా ఉండాలన్న ఆకాంక్షతో పాత్ర అంచు దాటి పొర్లేలా ద్రాక్షారసం పోస్తారు. జడలా అల్లిన కొవ్వొత్తిని వెలిగిస్తారు. ప్రార్థనా వాక్యంలో ‘జ్వాలలు’ అని బహువచనం ఉన్నందున దానికి ఒకటికి మించి వత్తులు ఉంటాయి. లవంగాలు, దాల్చినచెక్క వంటివి నింపిన భరిణెను ఒకరి చేతినుండి ఒకరు అందుకొని ఆఘ్రాణిస్తారు. దీపకాంతిలో తమ చేతిగోళ్లను చూసుకొంటారు. చివరకు కొవ్వొత్తిని ద్రాక్షారసంలో ముంచి ఆర్పి, ‘మంచి వారం’ అని ఒకరికొకరు శుభం పలుకుతారు.

ఈ వేడుకలో సుగంధానికి స్థానమెందుకు? సబ్బాతునాడు మనిషికి మరొక ఆత్మ అదనంగా లభిస్తుందని, ఆ దినం ముగియగానే అది వీడిపోతుందని యూదుల విశ్వాసం. అప్పుడు కలిగే దిగులును సువాసన ఉపశమింపజేస్తుందని వారి పెద్దలు చెప్పారు. ఒక మంచి రోజు వెళ్లిపోతున్నదన్న బాధను ఇంత సున్నితంగా ఓదార్చే ఆచారాలు అరుదు.

ధర్మశాస్త్రం సువాసనను కోరిందే గాని పాత్రను కోరలేదు. తొలినాళ్లలో మిర్టిల్ అనే సువాసనగల పొద కొమ్మలే ఇందుకు ఉపయోగపడేవి. 12వ శతాబ్దంలో జర్మనీలోని రేగెన్స్‌బర్గ్‌కు చెందిన రబ్బీ ఎఫ్రాయిం సుగంధ ద్రవ్యాలను గాజుపాత్రలో ఉంచుకొనేవాడని తెలుస్తున్నది. అయితే దైవకార్యాన్ని వీలైనంత అందంగా నిర్వహించాలన్నది యూదుల సూత్రం. ఆ సూత్రమే శిల్పికి పని కల్పించింది.

మధ్య ఐరోపాలో ఈ భరిణె గోపురం ఆకారాన్ని సంతరించుకొంది. నగరాల గడియార స్తంభాలను, కోట బురుజులను తలపించే ఆ వెండి గోపురాలకు చిన్న తలుపు, శిఖరంపై రెపరెపలాడుతున్నట్లుండే జెండా, చుట్టూ జల్లెడవంటి కిటికీలు ఉంటాయి. ఆ కిటికీలు అలంకారానికే పరిమితం కావు. లోపలి పరిమళం వెలువడేది వాటి నుండే. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో సుమారు 1550లో తయారై, 1651లో మరమ్మతు పొందిన ఒక సుగంధ గోపురం నేటికీ న్యూయార్క్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నది.

ఇందులో ఒక విచిత్రమున్నది. ఆ రోజుల్లో జర్మన్ నగరాలలోని స్వర్ణకారుల సంఘాలు యూదులను సభ్యులుగా చేర్చుకొనేవి కావు. అందువల్ల యూదుల పూజావస్తువులను అనేకం క్రైస్తవ శిల్పులే మలిచారు. తమ ఊరి గోపురాల రూపాన్నే వారు యూదుల ఇంటి భరిణెకు ఇచ్చారు. వెలివేతకు గురైన కుటుంబం కోరిక, వెలివేసిన సమాజపు శిల్పి నైపుణ్యం ఒకే వస్తువులో కలిసిపోయాయి.

అరేబియా ద్వీపకల్పంలోని యెమెన్‌లో పరిస్థితి దీనికి భిన్నం. అక్కడ వెండిపనిలో ప్రసిద్ధులు యూదులే. సన్నని వెండితీగలను పేని, చట్రంలో లతలుగా, చుక్కలుగా అమర్చి, టంకంతో అతికించడం వారి విద్య. కరీంనగర్ ఫిలిగ్రీ పనిని చూసినవారికి ఈ పద్ధతి సులభంగా బోధపడుతుంది. 1906లో బోరిస్ షాట్జ్ అనే శిల్పి జెరూసలేంలో బెజలేల్ కళాపాఠశాలను స్థాపించినప్పుడు, యెమెన్ నుండి వలస వచ్చిన పనివారు ఆ నైపుణ్యాన్ని అక్కడికి తెచ్చారు. 1949, 1950 సంవత్సరాలలో యెమెన్ యూదులలో అత్యధికులు ఇజ్రాయెల్‌కు తరలివెళ్లారు.

వస్తువు మిగిలి, దానిని వాడిన చేతులు మిగలని సందర్భమూ చరిత్రలో ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నాజీలు బొహీమియా, మొరేవియా ప్రాంతాల యూదులను నిర్బంధ శిబిరాలకు పంపి, వారి ప్రార్థనా మందిరాలలోని వస్తువులను ప్రాగ్ నగరంలోని మ్యూజియంలో పోగుచేయించారు. వాటికి పట్టికలు రాసిన యూదు ఉద్యోగులలో చాలామంది కూడా ఆ శిబిరాలకే బలైపోయారు. హతులైన దాదాపు 78,000 మంది పేర్లు నేడు అదే నగరంలోని పింకస్ ప్రార్థనా మందిరపు గోడలపై కనిపిస్తాయి.

అద్దాల బీరువాలో నిలిచిన వెండి గోపురం ఎంత అందమైనదైనా దానిలో పరిమళం ఉండదు. శనివారం రాత్రి ఒక పేద ఇంట లవంగాలు గుచ్చిన పండును తాత మనుమడికి అందిస్తే అక్కడ హవ్దలా పరిపూర్ణమవుతుంది. భరిణెకు రూపమిచ్చేది శిల్పి. ప్రాణమిచ్చేది దానిని చేతినుండి చేతికి అందించే కుటుంబం.